దుబాయి విల్లాల్లో రాతి పగడాల పని నేర్చుకున్న తీరు

మాది కోరుట్ల. ఏజెంటుకు పైసలు కట్టి గల్ఫుకు పోయినోళ్లలో నేనొకణ్ని. వీసా మీద హెల్పర్ అని రాసి ఉండె. దేనికి హెల్పరో దుబాయిలో దిగినంకనే తెలిసింది. పెద్దపెద్ద విల్లాల్లో ఉన్న ఉప్పునీళ్ల అక్వేరియాలు చూసుకునే కంపెనీ అది. పొద్దున్నే వ్యాన్‌లో నీళ్ల డ్రమ్ములు, పైపులు, పంపులు ఎక్కించుకొని ఇల్లిల్లూ తిరుగుడే పని. మొదట్లో నా వంతు అద్దం మీద నాచు గీకుడు, నీళ్లలోని మురికిని నురుగు చేసి తీసే స్కిమ్మర్ అనే మిషన్ కప్పు కడుగుడు. ఆ స్కిమ్మర్ కప్పు వాసన పడ్డోనికి ఇంకే పనైనా పూలపాన్పే.

ట్యాంకుల్లో చేపలకంటే రాళ్లకే ఎక్కువ ఖర్చు పెడుతరని మెల్లగా అర్థమైంది. అవి రాళ్లు కావు, రాతి పగడాలు. మెత్తటి చిన్న జీవులు, పాలిప్‌లంటరు, నీళ్లలోని కాల్షియం, కార్బొనేట్ తీసుకొని కిందికి సున్నపు గూడు కట్టుకుంటూ పోతయి. పైన కనపడే రంగులో చానావరకు ఒంట్లో కాపురముండే సూక్ష్మ శైవలాలది, మిగతాది ఆ జీవి సొంత వర్ణకాలది. శైవలాలు ఎండ తీసుకొని చక్కెర చేసి పెడితే పాలిప్ బతుకుతది. నీళ్లు వేడెక్కినా, ఇంకేదన్నా తిప్పలొచ్చినా ఆ శైవలాలు బయటపడి తెల్లగా పాలిపోతది. దాన్నే బ్లీచింగ్ అంటరు.

మా సీనియర్ కేరళ ఆయన. అందరం చేటా, అంటే మలయాళంలో అన్న, అని పిలిచేది. ఆయన దగ్గర ఒక ప్లాస్టిక్ ట్రే ఉండేది, నిండా చచ్చిపోయిన పగడాల గూళ్లు. బ్లీచింగ్ పౌడర్ నీళ్లలో నానబెట్టి, కడిగి, ఎండబెట్టినవి. కొత్తగా వచ్చినోని చేతికి ఒక భూతద్దం, ఒక టార్చిలైటు ఇచ్చి ఆ ట్రే ముందర కూసోబెట్టేది. బతికున్నదాని రంగు చూసి పేరు చెప్తే ఊకునేటోడు కాదు. "రంగు లైటుది, గూడు దానిది" అనేది హిందీలో. నిజమే. అదే ముక్క నీలం లైటు కింద పచ్చగా మెరుస్తది, తెల్ల లైటు కింద మట్టిరంగులో ఉంటది. షాపోళ్లు పెట్టే పేర్లన్నీ ఆ నీలం లైటు కింది పేర్లే.

షాపుల్లో రెండే కులాలు: ఎస్‌పీఎస్, ఎల్‌పీఎస్. చిన్న పాలిప్‌లవి, పెద్ద పాలిప్‌లవి అని. అది అమ్మకానికి పెట్టుకున్న విభజనే గాని జీవశాస్త్రంలో లేదు. అయినా పనికి అక్కరకొస్తది. మాటవరుసకు ఎస్‌పీఎస్ అంటే లైటు ఎక్కువ, నీళ్ల ఒరవడి ఎక్కువ, నీటిలో మార్పు తట్టుకోదు. ఎల్‌పీఎస్ అంటే లైటు తక్కువ, ఒరవడి మోస్తరు, నోటికి తిండి అందిస్తే తింటది. ఈ లెక్కకు అందనివి చానా ఉన్నయి, వాటి కోసమే ఆ ట్రే.

కొమ్మల పగడాలతోటి మొదలు పెట్టించిండు. అక్రొపొరా కొమ్మ కొసన ఒకే ఒక్క గూడు, అంటే ఒక పాలిప్ కూసునే గుంత, నిటారుగా ఉంటది, పక్కలకు ఉండే గూళ్లు వేరే తీరు. ఆ కొస గూటి నుంచే కొమ్మ పెరుగుతది కాబట్టి ఆరోగ్యంగా ఉన్నదాని కొసలు ఎప్పుడూ లేత రంగులో ఉంటయి. మాంటిపొరా దాని చుట్టమే, ఇద్దరిదీ ఒకే కుటుంబం, కానీ ఈ కొస గూడు ఉండదు. గూళ్లు మిల్లీమీటరు కూడా ఉండయి. వాటి మధ్య జాగంతా సన్న బుడిపెలు. కొమ్మగా, పలకగా, రాతి మీద పూతగా ఎట్లనైనా పెరుగుతది, ఆకారం చూసి మోసపోవద్దు. పొసిలొపొరా ఒంటి నిండా పులిపిర్ల లెక్క గుబ్బలు, ఆ గుబ్బల మీద కూడా గూళ్లు. స్టైలొఫొరా గూటి మీద చిన్న చూరు, లోపల నడుమ సన్నని స్తంభం ఉంటయి. భూతద్దం లేకుంటే ఇవి రెండూ ఒకటే అనిపిస్తయి. సెరియాటొపొరా కొమ్మలు సూదుల్లా ఉంటయి, గూళ్లు వరుసలు కట్టి ఉంటయి, దాన్ని ఎవలైనా పడుతరు.

గుండ్రటి బండల తీరువి నాకు ఎక్కువ ఇష్టమైనయి. ఫేవైటిస్‌లో రెండు గూళ్లకు నడుమ ఒకటే గోడ, మన పాత ఊళ్లల్ల అన్నదమ్ముల పాలోళ్ల ఇండ్లకు ఉన్నట్టు. ఫేవియా అని షాపులో అమ్మేదానికి ఎవరి గోడ వారిదే, నడుమ సందు. ప్లాటిజైరాలో గోడలు అడ్డం తెరుచుకొని పొడుగు లోయలు పడుతయి. ఇంతే తేడా. కానీ బతికున్నప్పుడు మాంసం ఉబ్బి ఈ గోడలన్నీ కప్పేస్తది. అప్పుడు చేయాల్సింది కాసేపు ఆగి చూసుడు, ఒళ్లు కొంచెం ముడుచుకున్నంక గోడ గీత తేలుతది. ఇండో పసిఫిక్ నుంచి వచ్చే ఫేవియాలను శాస్త్రవేత్తలు 2012లో డిప్సాస్ట్రియా కిందికి మార్చిన్రు, షాపుల్లో మాత్రం ఇప్పటికీ ఫేవియానే.

గోనియొపొరా, ఆల్వియొపొరా దగ్గర కండ్లు కాదు లెక్క కావాలె. రెండూ పూల గుత్తుల్లా బయటికి చాపుకొని ఊగుతుంటయి. "ఒక్క పాలిప్ పట్టుకొని వేళ్లు లెక్కపెట్టు" అనేది చేటా. ఇరవై నాలుగు వస్తే గోనియొపొరా, పన్నెండు వస్తే ఆల్వియొపొరా. రాతి పగడాల్లో ఏది చూసినా ఈ ఆరు, పన్నెండు, ఇరవై నాలుగు లెక్కనే నడుస్తది, గూటి లోపలి పలకలు కూడా ఆరు ఎక్కంలోనే ఉంటయి. అదే ఎనిమిది వేళ్లుండి, వేలు అంచున ఈకల్లాంటి పోగులుంటే అది వేరే వంశం. అటువంటివి మెత్తటి పగడాల్లో ఎక్కువ.

గూడు చూస్తే చాలు అనుకుంటున్న నన్ను యూఫిలియా ముక్కలతోటి ఆపిండు. టార్చ్, హ్యామర్, ఫ్రాగ్‌స్పాన్ అని మూడు అమ్ముతరు. ట్రేలో మూడింటి గూళ్లు పెడితే ఏది ఏందో ఎవడూ చెప్పలేడు, అంత ఒకటే తీరు. బతికున్నప్పుడే తెలుస్తది. టార్చ్‌కు పొడుగు వేళ్ల కొసన ఉండ, హ్యామర్‌కు లంగరు ఆకారం, ఫ్రాగ్‌స్పాన్‌కు వేలే కొమ్మలు వేసి కొసలు చిట్లి ఉంటది. ఇండ్లల్ల పెంచేటోళ్లకు ముందునుంచీ ఒక సంగతి తెలుసు: హ్యామర్, ఫ్రాగ్‌స్పాన్ ఒకదానికొకటి తాకినా పెద్దగా గొడవ ఉండదు, టార్చ్ మాత్రం రెండింటినీ కాలుస్తది. 2017లో శాస్త్రవేత్తలు డీఎన్‌ఏ, పునరుత్పత్తి తీరు చూసి హ్యామర్‌ను, ఫ్రాగ్‌స్పాన్‌ను ఫింబ్రియాఫిలియా అనే పేరు కిందికి తీసుకపోయి టార్చ్‌ను యూఫిలియాలోనే ఉంచిన్రు. ఆ వార్త విన్నప్పుడు చేటా మొఖం చూడాల్సింది, తనకే డాక్టరేట్ వచ్చినంత సంబురం.

పేరు ఎందుకంత పట్టుబట్టి చెప్పించేదో విల్లాల్లో పని చేస్తుంటే తెలిసింది. పేరు తెలిస్తే ఎక్కడ పెట్టాలె, పక్కదానికి ఎంత దూరం వదలాలె, ఏం తినిపియ్యాలె అన్నీ వచ్చేసినట్టే. ఒక ఇంట్లో ఓనర్ అందంగా ఉందని గలాక్సియాను తెచ్చి నడుమ రాతి మీద, అక్రొపొరాల పక్కనే పెట్టిండు. పగలు చూస్తే పచ్చటి నక్షత్రాలు, ఎవరి జోలికీ పోనట్టు ఉంటది. రాత్రి లైటు బందయినంక దాని నుంచి సన్నటి పొడుగు పోగులు బయటికొస్తయి, జానెడు దూరం దాకా కూడా పోతయి. ఒరవడి ఎటుంటే అటు. తెల్లారేసరికి పక్క కొమ్మలకు ఒకవైపే మాంసం ఊడి తెల్లగా తేలింది. ఒకవైపే కాలింది అంటే రోగం కాదు, పక్కింటోని పని. రోగమైతే కింది నుంచో కొసల నుంచో మొదలై చుట్టూ పాకుతది. ఆ తర్వాత నేను ఏ కొత్త ట్యాంకు చూసినా రాత్రిపూట ఎర్ర టార్చిలైటు వేసి ఒకసారి చూడకుండా రాళ్లు జరపలేదు.

లైటును మీటరు పెట్టి కొలిచేది. పార్ అని ఒక కొలత ఉంటది, శైవలాలకు పనికొచ్చే వెలుతురు ఎంతుందో చెప్తది. మెత్తగా ఉబ్బే ఎల్‌పీఎస్‌కు యాభై నుంచి నూటయాభై, అక్రొపొరాకు రెండు వందల నుంచి మూడు వందల యాభై దాకా. కొత్త ముక్కను ఎక్కువ లైటు కిందికి ఒక్కసారే ఎక్కియ్యొద్దు, కింద ఇసుక మీద మొదలుపెట్టి వారాల మీద పైకి జరపాలె. ఫంగియా అనే పళ్లెం పగడం మాత్రం ఇసుక మీదనే ఉంటది, పెద్దదైనంక రాతికి అతుక్కునేదే కాదు. దాన్ని గ్లూ పెట్టి రాతికి అంటించిన ఇండ్లు కూడా చూసిన.

ఇగ నీళ్ల సంగతి. ఈ పనిలో నాకు అన్నింటికంటే రుచి పుట్టిన భాగం ఇదే, టెన్త్‌లో కెమిస్ట్రీ అంటే పారిపోయినోణ్ని నేను. ఉప్పు ముప్పై ఐదు పీపీటీ (వెయ్యి పాళ్లలో లెక్క), వేడి ఇరవై ఐదు ఇరవై ఆరు డిగ్రీలు, కాల్షియం 420 పీపీఎం (పది లక్షల పాళ్లలో లెక్క) దగ్గర, మెగ్నీషియం 1300 పైచిలుకు, ఆల్కలినిటీ, అంటే గూటికి అక్కరకొచ్చే కార్బొనేట్ల నిల్వ, ఎనిమిది తొమ్మిది డీకేహెచ్ (దాన్ని కొలిచే లెక్క). అసలు సముద్రంలో ఆల్కలినిటీ ఏడు దగ్గర ఉంటది. వీటిలో రోజూ చూడాల్సింది ఆల్కలినిటీ ఒక్కటే. ఎందుకంటే పగడం గూడు కట్టుకునేటప్పుడు రెండూ ఒక లెక్క ప్రకారం ఖర్చయితయి: ఆల్కలినిటీ 2.8 డీకేహెచ్ పడిపోతే కాల్షియం 20 పీపీఎం తగ్గుతది. అంటే ఆల్కలినిటీ 8.4 నుంచి 7 దాకా పడినా కాల్షియం పది పాయింట్లే కదుల్తది. 420 ఉన్నది 410 అయితే టెస్ట్ కిట్‌లో పట్టుకోలేవు. ఆల్కలినిటీ పడితే మాత్రం వెంటనే కనపడుతది. ఇది అర్థమైన రోజు నుంచి కాల్షియం కోసం పైసలు పెట్టి కిట్లు కాల్చుడు తగ్గించినం.

ప్రతి ఇంటికీ ఒక రిజిస్టర్ పెట్టినం. ఆల్కలినిటీ రోజుకు ఎంత తాగుతుందో రాసుడు. తాగుడు పెరుగుతుంటే కోరల్స్ పెరుగుతున్నట్టు, మందు కొంచెం పెంచాలె. ఎప్పుడూ తాగే ట్యాంకు ఒక్కసారిగా తాగుడు ఆపిందంటే ఏదో జరిగింది. కోరల్ మొఖం వాడిపోకముందే ఆ కాగితం చెప్తది. ఒక విల్లాలో అట్లనే అంకె నిలబడిపోతే పోయి చూస్తే నీళ్లు చల్లబరిచే చిల్లర్ నడుస్తలేదు, ఓనర్లు సెలవులకు పోతూ హాల్ ఏసీ బంద్ చేసిపోయిన్రు. ఆగస్టులో దుబాయి ఇంట్లో ఏసీ లేకుంటే నీళ్లెంత కాగుతయో చెప్పక్కర లేదు. అక్కడి సముద్రంలోనే ఎండాకాలం నీళ్లు ముప్పై నాలుగు దాటుతయి, ఆ నీళ్లకు అలవాటు పడిన కోరల్స్ ఆ సముద్రంలో ఉన్నయి, అవి కూడా 2017లో పెద్ద ఎత్తున తెల్లబడి చచ్చినయి. షాపుకొచ్చే ఇండోనేసియా ముక్కలకు ఆ ఓపిక ఎక్కడిది?

మందు అంటే ఏం లేదు. ఒక డబ్బాలో సోడియం కార్బొనేట్ నీళ్లు, ఇంకో డబ్బాలో కాల్షియం క్లోరైడ్ నీళ్లు, వేర్వేరుగా చుక్కచుక్క పోసే పంపులు. రెండూ ఒకే చోట పడితే తెల్లగా సున్నం కూర్చుంటది. చిన్న ట్యాంకులకు దీనికంటే నాకు సున్నపు తేట నచ్చింది. కాల్షియం హైడ్రాక్సైడ్‌ను ఆర్‌ఓ నీళ్లలో లీటరుకు గ్రామున్నరకు కొంచెం పైన కలిపి, అడుగుకు దిగినంక పై తేట మాత్రం ఆవిరైన నీళ్ల జాగలో పోసుడు. కాల్షియం, ఆల్కలినిటీ రెండూ సరిసమానంగా వస్తయి. దాని పీహెచ్ పన్నెండు దాటి ఉంటది కాబట్టి రాత్రిపూట, చుక్కచుక్కగానే. ఒక్కసారి పోస్తే ట్యాంకు మొత్తం పోతది. రాత్రే ఎందుకంటే లైటు లేనప్పుడు నీళ్ల పీహెచ్ ఎట్లాగూ పడుతది, అది సమం అయితది. కిటికీలు తెరవని విల్లాల్లో మనుషులు వదిలిన కార్బన్ డయాక్సైడ్ అంతా నీళ్లలోకే దిగి పీహెచ్ ఇంకా తక్కువుంటది, అక్కడ సున్నపు తేట రెండిందాలా కలిసొచ్చింది. పాన్‌డబ్బా సున్నం పనికొస్తదా అని మన దగ్గర అడిగేటోళ్లు ఉన్నరు. రాదు. అందులో ఇంకేం కలిసిందో ఎవడికీ తెల్వదు.

తిండి గురించి రెండు మాటలే. ఎల్‌పీఎస్ నోట్లో వారానికి ఒకటి రెండుసార్లు చిన్న రొయ్య ముక్క పెడితే చాలు, ఎక్కువ పెడితే నీళ్లు పాడైతయి. టుబాస్ట్రియా అనే నారింజ పగడం ఒంట్లో శైవలాలు ఉండయి, దానికి లైటుతో పనిలేదు, ప్రతి నోటికీ తినిపిస్తనే బతుకుతది. ఓపిక లేనోళ్లు కొనొద్దని మొఖం మీద చెప్పేది చేటా, కంపెనీ యజమానికి అది నచ్చేది కాదు.

కొత్త ముక్క ఏదొచ్చినా నేరుగా ట్యాంకులో వేసుడు లేదు. అక్రొపొరాకు దాని రంగునే పూసుకొని అతుక్కుండే చదును పురుగు ఒకటుంటది, కంటికి ఆనదు. అది తిన్న జాగలో గుండ్రటి లేత మచ్చలు పడుతయి, గుడ్లు మాత్రం మాంసం లేని గూటి మీద పెడుతది. అయొడిన్ మందులో ముంచి, డ్రాపర్‌తో నీళ్లు కొడితే పురుగులు రాలుతయి. గుడ్లు రాలవు, మందుకు చావవు. అందుకే వేరే ట్యాంకులో పెట్టి వారాల తరబడి మళ్లీమళ్లీ ముంచాలె, కింది గూడు భాగం బోన్ కట్టర్‌తో కత్తిరించి పారేయాలె. మాంటిపొరాకు తెల్లటి నూడిబ్రాంక్‌లు, గుల్ల లేని చిన్న నత్తలు, పడుతయి. హ్యామర్, టార్చ్‌లకు గోధుమరంగు జిగురు పట్టే రోగం వస్తది. ఒక తలకు, అంటే కొమ్మ కొసనున్న ఒక పాలిప్‌కు, పట్టిందంటే ఆ తలను వెంటనే కోసి తీసేయాలె, జిగురును పైపుతో బయటికి గుంజాలె, లేకుంటే ఒరవడి మీద పక్క తలలకు పాకుతది. కోసిన ముక్కను సూపర్ గ్లూ జెల్‌తో అంటిస్తే నీళ్లలోనే గట్టిపడుతది.

ఇప్పుడు హన్మకొండలో చిన్న అక్వేరియం షాపు నడుపుతున్న. కోరుట్లలో కాకుండ ఇక్కడెందుకంటే అత్తగారిల్లు ఇక్కడ, పిల్లల చదువులు ఇక్కడ. నా ఇంట్లో రెండు వందల లీటర్ల ఉప్పునీళ్ల ట్యాంకు ఉంది. దాంట్లో రాతి పగడం ఒక్కటి కూడా లేదు. చేసే పని వచ్చు, పెట్టుకునే హక్కు లేదు. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రాతి పగడాలన్నింటినీ 2001లో షెడ్యూల్ 1లో చేర్చిన్రు, పులి ఉన్న షెడ్యూలే. నల్ల పగడాలు, సముద్రపు విసనకర్రలు, ఫైర్ కోరల్, ఆర్గన్ పైప్ కోరల్ కూడా అందులోనే. పట్టుడు, అమ్ముడు కుదరదు, చచ్చిన ముక్కైనా సరే. విదేశం నుంచి వచ్చిందే అన్నా తప్పించుకోలేరు, ప్రపంచంలోని రాతి పగడాలన్నీ సైటిస్ అనే వన్యజీవుల వ్యాపార అంతర్జాతీయ ఒప్పందం అనుబంధం 2లో ఉన్నయి, దేశం దాటాలంటే పర్మిట్ కావాలె. దుబాయిలో కూడా మా పెట్టెల వెంట ఆ కాగితాలు ఉండేవి. తమిళనాడు దగ్గరి మన్నార్ సింధుశాఖలో ఒకప్పుడు సున్నం కోసం, సిమెంటు కోసం పడవల మీద తవ్వుకపోయిన్రు. అది తెలిసినంక నాకైతే ఈ చట్టం మీద కోపం లేదు. షాపుల్లో దొంగచాటుగా అమ్మకం నడుస్తూనే ఉంది, దాని మీద కోపముంది.

మొన్నామధ్య ఒక ఇంజినీరింగ్ పిల్లగాడు ఫోన్‌లో ఫొటో పట్టుకొని వచ్చిండు.

"అన్నా, గిది ఉత్త రాయేనట, ఎర్రగ మంచిగుంది. సిటీల ఒకాయన ఇస్త అంటుండు. తీస్కోనా?"

"పెద్దగ చెయ్యి తమ్మీ ఫొటో."

ముదురు ఎర్ర గొట్టాలు, పక్కపక్కన నిలబెట్టి నడుమ నడుమ అడ్డం పలకలు వేసినట్టు. ఆర్గన్ పైప్. "బతికున్న ఫొటో ఉందా?" అంటే అదీ చూపెట్టిండు. బూడిదరంగు పూలు, వేళ్లు లెక్కపెడితే ఎనిమిది, అంచుకు ఈకలు. గూడు గట్టిదే గాని ఇది రాతి పగడాల వంశం కాదు. అయినా షెడ్యూల్‌లో పేరు పెట్టి మరీ రాసిన జీవి.

"రాయి కాదు. ఇంట్ల పెడితే కేసైతది. వద్దను."

"మరి ట్యాంకు ఉత్తగ తెల్లరాళ్లతోటి ఏం బాగుంటదన్నా?"

బాగుండేటట్టు చేయొచ్చు, నా ట్యాంకు చూపెట్టిన. గని నుంచి తీసిన ఎండు సున్నపురాయి పెట్టుకొని, దాని మీద కోరలైన్ నాచు ఎక్కించిన. ఊదారంగులో, గులాబీరంగులో రాయంతా పరుచుకుంది. రెండు క్లౌన్ చేపలున్నయి, సముద్రంలో పట్టినవి కావు, హ్యాచరీ పిల్లలు. తమిళనాడు మండపంలోని సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) కేంద్రం వీటిని పెంపకంలో పిల్లలు తీసే పద్ధతి ఎప్పుడో సాధించింది. కోరలైన్ నాచు శైవలమే అయినా ఒంట్లో సున్నం నింపుకుంటది కాబట్టి కోరల్ తాగే కాల్షియం, ఆల్కలినిటీనే ఇదీ తాగుతది. సున్నపు తేట ఇక్కడ కూడా రాత్రిపూట పడుతనే ఉంటది.

ఇక్కడి తిప్పలు వేరు. బోరు నీళ్లు సోడాకాయల కొట్టోడు కూడా వద్దనేంత గట్టివి, ఆర్‌ఓ తర్వాత మిగిలిన లవణాలు పట్టే డీఐ డబ్బా ఇంకోటి పెట్టి, టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల లెక్క) సున్నా వచ్చినంకనే ఉప్పు కలపాలె. మే నెలలో నలభై మూడు నలభై నాలుగు డిగ్రీలు. చిల్లర్ కొనలేనోళ్లు నీళ్ల మీదికి ఫ్యాన్ పెడుతరు, ఆవిరైతుంటే రెండు మూడు డిగ్రీలు తగ్గుతది. కానీ అదే గదిలో ఎయిర్ కూలర్ నడిస్తే గాలంతా తడి పట్టి ఆవిరవ్వదు, ఫ్యాన్ ఉత్తగ తిరుగుతది. గదిలో కూలరో, ట్యాంకు మీద ఫ్యానో ఒకటే పెట్టుకోమని చెప్తున్న. ఆవిరైన నీళ్ల బదులు ఉప్పునీళ్లు పోయొద్దు, మంచినీళ్లే పోయాలె, ఉప్పు ఎక్కడికీ పోలేదు. కరెంటు పోతే ముందు నిలబెట్టాల్సింది లైటు కాదు, నీళ్లు తిప్పే పంపు. దానికి చిన్న ఇన్వర్టర్ చాలు.

ఆ పిల్లగాడు ఆర్గన్ పైప్ వద్దనుకున్నడు. నా ట్యాంకులో నాచు పట్టిన పాత నత్తగుల్ల ఒకటి తీసుకపోయి తన ఎండు రాళ్ల నడుమ వేసుకున్నడు. విత్తనానికి అది చాలు. వారానికోసారి ఆల్కలినిటీ కొలిచి అంకె పంపుతుండు. మొదట్లో కదలకుండ 8.2 దగ్గరనే నిలబడింది. ఇప్పుడు వారంలో 7.9కి దిగుతుందట. రాళ్ల మీద ఇంకా ఏమీ కనపడుతలేదంటడు. కనపడుతది, తేట పోసుడు మొదలుపెట్టమని చెప్పిన.